గుడ్లు ఎందుకు తెల్లబడ్డాయి

ముందుగా, నాకు ఖాయంగా తెలిసినవి. ఫ్లవర్‌హార్న్ అనే చేప ఏ నదిలోనూ పుట్టలేదు. మధ్య అమెరికా మంచినీళ్లలో బతికే పెద్ద సిక్లిడ్ చేపలను ఆగ్నేయాసియాలో మనుషులు ఒకదానితో ఒకటి జతకట్టించి తయారుచేసిన సంకరం అది. ఎదిగితే జానెడు దాటుతుంది. మగదానికి నుదుటి మీద బొప్పి లేస్తుంది. ఆ బొప్పిలో ఉండేది కొవ్వూ నీరూ. నల్గొండలో నేనూ అమ్మా ఉండే ఇంటి ముందుగదిలో అలాంటి జంట ఒకటి కొంతకాలం ఉండేది. ఆడది ట్యాంకులో ఉంచిన రాతిపలక మీద మళ్లీ మళ్లీ గుడ్లు పెట్టింది. ప్రతిసారీ గుడ్లు తెల్లబడ్డాయి. ఒక్క పిల్ల కూడా బయటకు రాలేదు. ఇవి నేను కళ్లారా చూసినవి.

ఇక విన్నవి. ఈ చేప ఉన్న ఇంటికి కలిసివస్తుందని విన్నాను. దాని ఒంటి మీది నల్లమచ్చలు ఏదో భాషలో రాసిన శుభాక్షరాలని విన్నాను. అది చనిపోతే ఇంటివాళ్లకు రావలసిన గండం దానితోపాటు పోయినట్టేనని విన్నాను. మా మగచేప మా ఇంటికి రాకముందే హైదరాబాదులో ఎవరింట్లోనో ట్యాంకు నిండా పిల్లలకు తండ్రయిందని కూడా విన్నాను. మొదటి మూడింటితో నాకు పని లేదు. నాలుగోదానితో ఉంది. దానికి ఆధారం మా బావ నోటిమాట. బావకు ఆధారం చేపల దుకాణదారు నోటిమాట.

బావ అంటే మా అక్క భర్త, అమ్మకు స్వయానా అన్న కొడుకు. మేనరికం కాబట్టి అత్తాఅల్లుళ్ల మధ్య ఉండవలసిన మర్యాద వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ లేదు, చనువే ఉంది. కొత్తకోట దగ్గర హైవే పక్కన ఆయన ధాబా కట్టిస్తున్న రోజులవి. గల్లా పక్కన అదృష్టపు చేప ఉండాలని ఎవరో చెప్పగా ముందు చేపను తెచ్చాడు, గోడలు ఆ తర్వాత లేచాయి. అది నీళ్లు ఎగజిమ్మి సోఫా తడుపుతోందని అక్క దాన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టింది. అలా ట్యాంకుతో సహా మా గుమ్మంలోకి వచ్చింది.

"మీ ఇంట్ల మస్తు జాగా ఉన్నది. ఈశాన్యం గూడ ఖాళీగనే ఉన్నది," అన్నాడు బావ, చెమట తుడుచుకుంటూ.

"ఈశాన్యంల చెప్పుల స్టాండున్నది బావా."

"తీసెయ్. అదృష్టం నిలవడే జాగల చెప్పులు పెట్టుకుంటరా ఎవరన్న?"

ధాబా పూర్తికాగానే తీసుకుపోతానన్నాడు. తీసుకుపోవడానికి బదులు ఒక ఆడచేపను తెచ్చాడు. ధాబాకు ఒకటి, స్నేహితులకు కొన్ని, పిల్లలు కావాలట. "నువ్వు సైన్సు చదివినవ్. పిల్లల్ని తియ్యి."

"నేను చదివింది కెమిస్ట్రీ."

"చేప నీళ్లల్నే ఉంటది గదా మరదలా. నీళ్లు కెమిస్ట్రీ గాదా?"

జూనియర్ కాలేజీలో ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్న నాకు ఆ వాదనలోని తప్పు తెలుసు. కానీ తప్పు తెలియడం వేరు, బావకు జవాబివ్వగలగడం వేరు.

పెంచేవాళ్లు రాసుకున్నవి దొరికినన్ని చదివాను. సగం మాటలు మిగతా సగాన్ని ఖండించాయి. ఉప్పు వేయాలని ఒకరు, వేయకూడదని ఒకరు. నీళ్లు కదలాలని ఒకరు, కదలకూడదని ఒకరు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఆడది గుడ్లకు సిద్ధం కాకముందు మగదానితో కలిపితే మగది దాన్ని కొరికి చంపుతుంది. సిద్ధమైతే కడుపు కింద గుడ్లనాళం సన్నగా బయటికి కనిపిస్తుంది. అప్పుడు కూడా రెండింటి నడుమ ప్లాస్టిక్ జాలీ ఒకటి ఉంచడం మంచిది. జాలీ తెచ్చి బిగించి, ఇదంతా అమ్మకు చదివి వినిపించాను.

"సంపుతదా?" అంది అమ్మ.

"చంపొచ్చు."

"మరి గీ పిల్లనెందుకు తెచ్చిండు వాడు?"

"పిల్లల కోసం."

"పిల్లలు వాడికి, సచ్చుడు దీనికా?" అని అమ్మ కుర్చీ తెచ్చి ట్యాంకు ముందు వేసుకుంది. ఆ కుర్చీ మళ్లీ అక్కడి నుంచి కదలలేదు. బావకు కావలసింది పిల్లలు. నాకు కావలసింది అవి ఎందుకు రావడం లేదో తెలియడం. అమ్మకు కావలసింది ఆ ఆడచేప బతకడం. ముగ్గురం ఒకే ట్యాంకు చుట్టూ తిరిగాం.

అమ్మ కల్వకుర్తి వైపు పల్లెలో మేకల్నీ గొర్రెల్నీ పెంచిన మనిషి. పట్నం ఇంట్లో మోకాళ్లు పట్టుకుని కూర్చోవడం ఆమెకు రాదు. మేకపిల్లకు పెట్టినట్టే ఆడచేపకూ పెట్టింది. నేను కాలేజీకి వెళ్లగానే జొన్నరొట్టె ముక్కలు నలిపి వేసేది. చేప కడుపు ఉబ్బి పక్కకు ఒరిగి ఈదుతుంటే, అదేదో జబ్బనుకుని నీళ్ల ఆమ్లత్వం పరీక్షిస్తూ ఒక సెలవురోజంతా పోగొట్టుకున్నాను. చివరికి ఫిల్టరు స్పాంజిలో రొట్టె దొరికింది.

"దానికి నా గాజుల సప్పుడు తెలుసు. సప్పుడింటె ఉరుక్కుంట వస్తది," అనేది అమ్మ.

ఇలాంటి మాట విని ఊరుకోవడం నా వల్ల కాదు. అమ్మ గాజులు అడిగి తీసుకుని, తెర వెనక నిలబడి మోగించాను. చేప కదలలేదు. గాజులు లేకుండా ట్యాంకు ముందుకు వచ్చి నిలబడ్డాను. పరుగున వచ్చింది. పాలు పోసే అబ్బాయి నిలబడినా వచ్చింది. అది ఆకారానికి వస్తోంది, చప్పుడుకు కాదని అమ్మకు చెప్పాను.

"నువ్వు పరీక్ష పెడితే చేపలేంది, మనుషులు గూడ రారు," అంది అమ్మ, గాజులు వెనక్కి తీసుకుంటూ.

ఒక ఆదివారం పొద్దున బావ కొత్త చొక్కా వేసుకుని దిగాడు. చేతిలో ఆకులో కట్టిన పొట్లం ఉంది.

"పదకొండు లోపల జాలీ తియ్యాలె మరదలా. తర్వాత వర్జ్యం."

"ఆడదానికి నాళమే కనబడలె బావా. అది తయారుగ లేదు."

"నాళం గీళం తర్వాత. గీ గడియ దాటితే మళ్ల నెల దాక మంచిరోజు లేదు. పంచాంగం ఫోన్ల జూసిన."

పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లాను. అది నేను చేయకూడని పని. తిరిగి వచ్చేసరికి ట్యాంకు అద్దానికి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. పసుపు కలిసి నీళ్లు పచ్చగా ఉన్నాయి. అక్షింతలు అడుగుకు దిగుతున్నాయి. మగది ఒక్కో గింజనూ నోట్లో వేసుకుని ఉమ్మేస్తోంది.

"ఏంది బావా గిది?"

"పెండ్లి. పెండ్లంటె అక్షింతలు వెయ్యరా?" అని, నేను అందుకునేలోపు జాలీ పైకి లాగాడు.

మగది వెంటనే దూకింది. ఆ పసుపు నీళ్లలో ఒక్క మెరుపు, ఆ తర్వాత అద్దానికి చేప ఒళ్లు కొట్టుకున్న చప్పుడు. ఆడది మూలకు పోయింది. మగది అక్కడికీ వచ్చింది. అమ్మ అప్పటిదాకా అన్నం తింటున్న స్టీలు పళ్లెం ఖాళీచేసి, మోచేతి దాకా ట్యాంకులోకి దించి, రెండింటి నడుమ అడ్డం పెట్టింది. మగది పళ్లెం చుట్టూ తిరిగి వచ్చి ఆమె వేలు కొరికింది.

"అత్తా, చెయ్యి తియ్యి. కరుస్తాంది."

"కరవనీ. నాకు చెయ్యన్న ఉన్నది. దానికేమున్నది అడ్డం పెట్టుకోను?"

నేను జాలీ మళ్లీ దించాక కానీ అమ్మ పళ్లెం తీయలేదు. వేలి నుంచి రక్తం కారుతోంది. ఆ పూటంతా నీళ్లు మార్చడంతోనే సరిపోయింది. బోరు మోటారు సరిగ్గా ఆ రోజే మొరాయించింది. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాన్ని విరిచే హైపో పలుకులు కరిగించి ఒక్కో బకెట్టూ సరిచేసి పోశాను. బావ సోఫాలో కూర్చుని జరిగినదాన్ని విచారించాడు.

"గడియ మంచిదే. నడిమిట్ల ఎవరో తుమ్మిన్రు."

"తుమ్మింది నువ్వే. పసుపు ముక్కులకు పోయి."

"గందుకే అంటున్న," అన్నాడు బావ.

ఆ తర్వాత జాలీ తీయడం అనే మాట మా ఇంట్లో వినిపించలేదు. పలకను జాలీకి ఆనించి ఆడదాని వైపు పెట్టాను. ఫిల్టరు నీళ్లు మగదాని వైపు నుంచి ఆడదాని వైపు పారేటట్టు తిప్పాను. మగది జాలీ అవతలే ఉండి వీర్యం వదిలినా ఆ పారుదలలో గుడ్లను చేరుతుందని పెంచేవాళ్లు అంటారు. అది కూడా విన్నమాటే, కాకపోతే చాలామంది వేర్వేరు చోట్ల నుంచి చెప్పిన విన్నమాట. దాన్ని తాత్కాలికంగా నమ్మాను.

కొన్ని వారాలకు ఆడది పలకను నోటితో శుభ్రం చేయడం మొదలుపెట్టింది. నేను కాలేజీలో ఉండగా గుడ్లు పెట్టింది. సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే, తడిపిన గోధుమరవ్వను వరసలుగా అద్దినట్టు పలకంతా తేనెరంగు గుడ్లు. ఆడది రెక్కలతో వాటికి నీళ్లు విసురుతోంది. అమ్మ అక్కడే కూర్చుని, అక్కడే తిని, అక్కడే కునుకు తీసింది. మరుసటి సాయంత్రానికి వరసల్లో తెల్లచుక్కలు కనిపించాయి. ఆ మరుసటి రోజుకు పలకంతా సున్నం జల్లినట్టయింది. ఆడది మాత్రం విసరడం మానలేదు. బతికి ఉన్న గుడ్డు తేనెరంగులోనే ఉండి లోపల కళ్లు కనిపించాలి, తెల్లబడిందంటే చచ్చినట్టు. అయితే ఎందుకు చచ్చిందో ఆ తెలుపు చెప్పదు.

బావకు ఫోన్ చేశాను. ఆయనకు ఆలోచించుకునే అవసరం కూడా రాలేదు.

"నీళ్లు మరదలా. నల్గొండ నీళ్లు. మీ బోరు నీళ్లకు మనుషుల బొక్కలే వంకరపోయినయి, చేపగుడ్డెంత?"

మా జిల్లాలో ఏది చెడినా నీళ్ల ఖాతాలో పడుతుంది. పప్పు ఉడకకపోతే నీళ్లు, జుట్టు రాలితే నీళ్లు, పెళ్లి సంబంధం తప్పిపోతే కూడా ఒక్కోసారి నీళ్లే. మా నీళ్లలోని ఫ్లోరైడు చేసిన హాని కట్టుకథ కాదు. వంగిన నడుములను చూస్తూ పెరిగినవాళ్లం. సరిగ్గా అందుకే, ఆ నిజాన్ని తీసుకొచ్చి అడ్డమైన ప్రతిదానికీ అతికిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ చేప పూర్వీకులు పుట్టింది కఠినజలాల్లోనే కాబట్టి నీటి కాఠిన్యం ఒక్కటే కారణమయ్యే అవకాశం తక్కువ. ఫ్లోరైడు గుడ్లను ఏం చేస్తుందో మాత్రం నాకు తెలియదు. మా కాలేజీ ల్యాబులో కాఠిన్యం కొలవగలం, ఫ్లోరైడు కొలవలేం.

కాబట్టి మార్చగలిగినదాన్ని మార్చాను. బోరు నీళ్లు మెల్లగా తగ్గిస్తూ, ఇంటింటికీ వచ్చిన కృష్ణా నల్లా నీళ్లతో ట్యాంకు నింపాను. మళ్లీ గుడ్లు పెట్టింది, మళ్లీ తెల్లబడ్డాయి. బూజు పట్టకుండా నీలంమందు వేశాను. నీలం నీళ్లలో తెల్లబడ్డాయి. దీనివల్ల బోరు నీళ్లు నిర్దోషి అని తేలలేదు; రెండు నీళ్లూ దోషులు కావచ్చు, మగది వంధ్యం కావచ్చు, జాలీ వీర్యాన్ని ఆపేస్తూ ఉండవచ్చు. ఈ సంకరజాతి మగవాటిలో చాలావరకు వంధ్యాలేనని కూడా అంటారు. అనుమానాలు మూడు, చేపల జంట ఒక్కటి. ఇంతకన్నా చెడ్డ ప్రయోగాన్ని నా విద్యార్థులు రికార్డులో రాసి తెస్తే సంతకం పెట్టను.

గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోనే సూక్ష్మదర్శిని కింద చూస్తే కణం రెండుగా విడిపోతోందో లేదో, అంటే గుడ్డు ఫలించిందో లేదో తెలుస్తుంది. ఒకసారి పొద్దున్నే పెడుతుండగా చూసి, కొన్నింటిని బ్లేడుతో గీకి చిన్న సీసాలో కాలేజీకి తీసుకుపోయాను. ఆ రోజు పరీక్షల డ్యూటీ పడింది. సూక్ష్మదర్శిని దగ్గరికి చేరేసరికి సీసాలో ఉన్నవన్నీ తెల్లగా ఉన్నాయి.

ఇంటికి వచ్చాక అమ్మ అన్న మాట ఇది. "ఈనిన మేక కాడికెల్లి పిల్లను గుంజుకపోయేటోళ్లను చూసిన. కోతకు గుంజుకపోతరు. నువ్వు చూసేతందుకు గుంజుకపోయినవ్." ఆ గుడ్లు ఎలాగూ చచ్చేవేనని చెప్పాను. "గది దానికి తెలుసా?" అంది. ఆ తర్వాత పలక జోలికి నన్ను రానివ్వలేదు.

అప్పుడే నారాయణపేటలో చుట్టాల పెళ్లి వచ్చింది. తెల్లవారకముందే వెళ్లి రాత్రి పొద్దుపోయాక తిరిగి వచ్చాం. లైటు వేయగానే మగది ట్యాంకంతా తిరుగుతూ కనిపించింది, ఈ చివర నుంచి ఆ చివరకు. జాలీని అద్దానికి పట్టి ఉంచే రబ్బరు కప్పు ఒకటి ఊడి, జాలీ ఒక పక్కకు వాలింది. ఆడది హీటరు వెనక, ట్యాంకు అద్దానికీ గొట్టానికీ నడుమ ఇరుక్కుని ఉంది. తోక చింపిరి గుడ్డలా ఉంది. ఒక పక్క పొలుసులు లేవు. ఒక కన్ను పాలరంగుకు తిరిగింది.

అమ్మ చెప్పులైనా విప్పలేదు. పట్టుచీర చెరగు నీళ్లలో పడుతున్నా పట్టించుకోకుండా రెండు చేతులూ పెట్టి దాన్ని తీసింది. ఉప్పునీళ్ల టబ్బులో వేశాం. అది బతుకుతుందని నేను అనలేదు, బతకదనీ అనలేదు. అమ్మ ప్రతిరోజూ తానే నీళ్లు మార్చింది. తోక మళ్లీ మొలిచింది, పొలుసులు వచ్చాయి. కన్ను మాత్రం అలాగే ఉండిపోయింది. ఉప్పు వల్ల తగ్గిందా, ఒంటరిగా ఉంచడం వల్ల తగ్గిందా అని నేను అడగబోయి, అమ్మ ముఖం చూసి ఆగిపోయాను.

మగదాన్ని బావ అప్పటికి పూర్తయిన ధాబాకు తరలించాడు. గల్లా పక్కన దాని బొప్పి ఇంకా పెరిగిందట, వ్యాపారం కూడా పెరిగిందట. అదే నెలలో ఎదురుగా పెట్రోలు బంకు తెరిచిన సంగతి ఆయన ఆ వాక్యంలో కలపడు. ఆ చేపను ఇంకో ఆడదానితో కలిపి చూద్దామన్నాను. గల్లా దగ్గర నుంచి కదిలిస్తే లక్ష్మి కదులుతుందన్నాడు.

ఇంతలో కల్వకుర్తిలో ఒక పెంపకందారు ఉన్నాడని తెలిసింది. మా కాలేజీలో పనిచేసే ఒకాయనకు చుట్టం. ఈసారి నోటిమాట మీద ఆధారపడదలచుకోలేదు, బస్సెక్కి వెళ్లాను. ఆయన ట్యాంకులో ఆవగింజలకు తోకలు మొలిచినట్టు పిల్లలు గుంపుగా కదులుతున్నాయి. వాటి తండ్రి పక్క ట్యాంకులో ఉంది. జాలీ వేసే పిల్లలు తీశానని ఆయన చెప్పాడు; ఆ జాలీ, పలక ఇంకా అక్కడే ఉన్నాయి. మగదాన్ని కొన్నాళ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి నాకు సరైన ప్రయోగం కుదిరింది. పనికివస్తుందని తెలిసిన మగది, అదే ఆడది, అదే జాలీ, అదే నీళ్లు.

ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చుని చెప్పాను. ఆడచేప కోలుకుని ట్యాంకులోకి తిరిగి వచ్చింది; మంచి కన్ను ఉన్న వైపు తిరిగి మమ్మల్ని చూస్తోంది.

"మన నీళ్లల్ల గుడ్లు పిల్లలయితే పాతదానిదే తప్పు. కాకపోతే నీళ్ల మీద అనుమానం గట్టిపడుతది. ఏదో ఒకటి తేలుతది అమ్మా."

"తేలితే ఏమయితది?"

"తెలుస్తది."

"నీకు తెలుస్తది. దానికేమయితది?"

"జాలీ ఉంటది గదా. ఈసారి కప్పులు గాదు, నాలుగు దిక్కుల వైరుతోటి బిగిస్త."

"ఊడదని రాసిస్తవా?"

"దాదాపు ఊడదు."

"దాదాపు గాదు. ఊడుతదా ఊడదా, గది చెప్పు."

ఊడదని అనవచ్చు. బావ అయితే అనేవాడు, ఆ మాట మీద ముహూర్తం కూడా పెట్టేవాడు. కానీ విద్యార్థులు ‘ఎన్నడూ జరగదు’ అని రాసిన ప్రతి జవాబు కిందా ఎర్రసిరాతో గీత గీస్తూ వచ్చినదాన్ని. ప్లాస్టిక్ ఎలా పగులుతుందో, ఆ చేప ఎంత బలంగా గుద్దుతుందో నాకు తెలుసు. ముందు ఒకసారి ఊడినది నా కళ్ల ముందే ఉంది. ఇన్నాళ్లుగా మా ఇంట్లో వినిపించిన వాదనల్లో ఆధారం ఉన్నది అమ్మదొక్కటే.

"చెప్పలేను," అన్నాను.

"మరి ఊకో," అంది అమ్మ. కోపంగా అనలేదు. లేచి వెళ్లి చేపకు మేత గింజలు వేసింది.

కల్వకుర్తి ఆయనకు వద్దని కబురు పంపాను. బావకు ఫోన్‌లో చెబితే, "చూసినవా, అత్తకు గూడ తెలుసు, నీళ్లదే తప్పని," అన్నాడు. అమ్మ అన్నది అది కాదని వివరించడానికి కొంతసేపు ప్రయత్నించి ఫోన్ పెట్టేశాను.

ఆడచేప ఇప్పటికీ అప్పుడప్పుడు పలక మీద గుడ్లు పెడుతుంది. మగది లేదు కాబట్టి అవి తెల్లబడటంలో వింతేమీ లేదు, వాటి నుంచి తెలుసుకునేదీ లేదు. అవి మగచేప వల్ల చచ్చాయా, నీళ్ల వల్ల చచ్చాయా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. తేల్చే మార్గం తెలుసు, సామగ్రి ఉంది, మగచేపను ఇచ్చే మనిషీ ఉన్నాడు. కానీ ఆ పరీక్ష తప్పితే దెబ్బ పడేది అడిగే నా మీద కాదు, ఒంటికన్నుతో మిగిలిన ఆ చేప మీద. ఆ దెబ్బ పడదని రాసివ్వడం నాకు చేతకాలేదు. ధాబాకు వచ్చి చేప గురించి అడిగినవాళ్లందరికీ బావ నల్గొండ నీళ్ల కథ చెబుతూనే ఉన్నాడు. అది అబద్ధమని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. నిజమని చెప్పడానికి ఆయన దగ్గరా లేదు. ఆయనకు దానితో ఏ ఇబ్బందీ ఉన్నట్టు కనిపించదు.